అత్త అడిగిన ఇంగ్లీషు వాక్యం

ఈ వేసవికి మా పెద్దమ్మాయి కూతురు ఏదో ఇంగ్లీషు పరీక్షకు తయారవుతున్నానని చెప్పి, వాళ్ళింట్లో తమ్ముళ్ళ గోల పడలేక, సంచి సర్దుకుని వచ్చి మా ఇంట్లో దిగింది. పరీక్షంటే ముందు పుస్తకం పెట్టుకుని ఊగుతూ చదవడం మాకు తెలుసు గాని, ఈ పిల్ల చదువు వేరుగా ఉంది. పొద్దున పలహారం అయ్యాక కిటికీ పక్కన కూర్చుని, చెవుల్లో చిక్కుడుగింజల్లాంటివి రెండు పెట్టుకుని, ఎదురుగోడ వైపు చూస్తూ కదలకుండా ఉంటుంది. మధ్యమధ్య ఫోను మీద వేలితో ఒక్కసారి నొక్కి మళ్ళీ గోడ చూస్తుంది. అడిగితే, ఇంగ్లీషువాళ్ళు మామూలుగా మాట్లాడుకునే మాటలు వినిపిస్తారట, అవి విని అర్థం చేసుకుని అడిగిన ప్రశ్నకు జవాబు గుర్తు పెట్టాలట.

మొన్న మధ్యాహ్నం మజ్జిగ తీసుకెళ్ళి ఇస్తే, నవ్వుతూ ఒక గింజ తీసి నా చెవిలో పెట్టింది. ఎవరో ఒకాయన అంగట్లో ఇస్త్రీపెట్టె వాపసు ఇవ్వడానికి వచ్చి, రసీదు వేరే చొక్కా జేబులో మరిచిపోయానని బతిమాలుతున్నాడు. అంగడి అమ్మాయి ఎంతో మర్యాదగా, రసీదు లేకపోతే కుదరదంటోంది. ఆయన ఏ వస్తువు తిరిగి ఇవ్వాలని వచ్చాడు అన్న ప్రశ్న రాకముందే నేను ఇస్త్రీపెట్టె అనేశాను. పిల్ల నోరు తెరిచి, "ఏం అవ్వా, నీకు ఎట్లా అర్థమయినాది?" అంది. పాపం ఆయనకు రసీదు దొరికిందా అని నేను అడిగితే, "అంతే అవ్వా, అయిపోయినాది. ఇంక వేరే వాండ్లు వస్తారు" అని మళ్ళీ చెవి మూసుకుంది.

వంటింట్లోకి వచ్చి గిన్నెలు సర్దుకుంటున్నానే గాని, నా మనసు అక్కడ లేదు. నా ఈడువాళ్ళకు ఇది చెబితే అర్థమవుతుంది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ వయసులో విన్న గొంతులు, ముఖాలు కూడా తెలియని మనుషుల గొంతులు, మన బంధువుల గొంతులకంటే స్పష్టంగా ఒక్కోసారి చెవిలో పలుకుతాయి.

మేము తమిళనాట రాజపాళయం తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఇంగ్లీషు కాగితం మీద మాత్రమే. తెలుగు మాట్లాడటమే గాని అక్షరాలు మాకెవరికీ రావు. నేను నేర్చుకున్నది పెళ్ళయి కొన్నేళ్ళు చిత్తూరులో ఉన్నప్పుడు, పక్కింటి టీచరమ్మ పుణ్యాన. ఇంగ్లీషు సంగతి దీనికి తలకిందులు. రాయడం, చదవడం వచ్చు, టైపింగులో లోయరూ హయ్యరూ పాసయ్యాను, "మీరు దయతో రాసిన ఉత్తరం అందింది" వంటి వాక్యాలు కళ్ళు మూసుకుని కొట్టగలను. కానీ ఆ భాషను ఒక మనిషి నోటితో పలుకుతుండగా నేను విన్నది లేదు. మా బళ్ళో ఇంగ్లీషు అయ్యవారు పాఠం మొత్తం తమిళంలోనే చెప్పేవారు. ఆయన నోట వచ్చిన ఇంగ్లీషు "సిట్ డౌన్" ఒక్కటే.

నాన్నకు స్పిన్నింగు మిల్లులో పని. ఇంట్లో నా తర్వాత ఇంకా ముగ్గురు. అందుకని పి.యు.సి. కాగానే నన్ను ఒక సర్జికల్ గుడ్డల కంపెనీలో టైపిస్టుగా చేర్చారు. కంపెనీ అంటే పెద్ద భవనమేమీ కాదు. యజమానిని మా ఊళ్ళో మొదలాళి అంటాం. ఆ మొదలాళిగారి ఇంటి ముందు గదే ఆఫీసు, మధ్యలో వాళ్ళ కాపురం, వెనక రేకుల షెడ్డు. పక్క ఊరు సత్రపట్టి మగ్గాల మీద నేసిన, గాయాలకు కట్టే పలచటి గాజుగుడ్డ తెల్లగా చలువ చేసి వచ్చాక, ఆ షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని మడతలు పెట్టి, చుట్టలు చుట్టి, అట్టపెట్టెల్లో సర్దేవారు. ఆ దూదివాసన ఇప్పటికీ ఏ ఆసుపత్రికి వెళ్ళినా నన్ను పలకరిస్తుంది.

మొదలాళిగారు నెమ్మదైన మనిషి. తెల్లపంచె, తెల్లచొక్కా, గొంతెత్తి ఎవరినీ ఒక మాట అనగా నేను వినలేదు. ఆయన భార్య దానికి సరిగ్గా వ్యతిరేకం. పొడుగ్గా, సన్నగా, రెండు వైపులా ముక్కుపుడకలతో, ఇంటికీ షెడ్డుకూ మధ్య గాలిలా తిరుగుతూ, నడుస్తూనే నలుగురితో నాలుగు మాటలు మాట్లాడేది. తమిళంలో అయిదో తరగతి చదువు. నేను చేరిన మొదటి రోజే, అమ్మగారూ గిమ్మగారూ వద్దు, అత్తా అని పిలువు చాలు అని చెప్పేసింది. ఆ ఇంట్లో ఒక తెల్ల కుక్క ఉండేది, మా ఊరి జాతే. అది కూడా అత్త మాట తప్ప ఇంకొకరి మాట వినేది కాదు.

కంపెనీ సరుకు అప్పటిదాకా బొంబాయి ఏజెంటు ద్వారా పైదేశాలకు వెళ్ళేది. ఆ ఏడు, ఏజెంటు మధ్యలో ఎందుకని ఒక కొనుగోలుదారు నేరుగా మా ఆఫీసుకే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు మాట్లాడే పని అంతవరకూ మొదలాళిగారి తమ్ముడు చూసుకునేవారు. ఆయన వేరే వ్యాపారం పెట్టుకుని కోయంబత్తూరు వెళ్ళిపోయారు. ఇక ఫోను మోగితే చూడాలి మా అవస్థ. మొదలాళిగారి ముఖం వాడిపోయేది, గుమాస్తా అయ్యరుకు అప్పుడే దాహం వేసేది, చివరికి ఆ నల్లటి బరువు నా చేతిలోకి వచ్చేది. అవతల గొంతు ఒక నది పారినట్టు పారుతుంటే అందులో నాకు తెలిసిన మాటలు అక్కడొకటి ఇక్కడొకటి రాళ్ళలా తేలేవి. ఉత్తరంలో రాయండి సార్ అని చెప్పి పెట్టేసేదాన్ని.

అట్లా ఎన్నాళ్ళు జరుగుతుంది? మొదలాళిగారు మధురై వెళ్ళినప్పుడు, అరచేయంత వెడల్పు మీటలున్న టేప్ రికార్డరూ, దానితో పాటు ఒక పెట్టెడు క్యాసెట్లూ కొనుక్కొచ్చారు. రోజువారీ ఇంగ్లీషు సంభాషణలట. రైల్వేస్టేషనులో, కూరగాయల అంగట్లో, వైద్యుడి దగ్గర, హోటల్లో గది తీసుకునేటప్పుడు, ఇట్లా. మొదట ఒక మగగొంతు గంభీరంగా పాఠం పేరు చెప్పి, "లిసన్" అంటుంది. తర్వాత ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు. మళ్ళీ ఆ గొంతు వచ్చి ప్రశ్నలు వేస్తుంది. మొదలాళిగారు నాలుగు రోజులు శ్రద్ధగా కూర్చున్నారు. అయిదో రోజుకు కూరగాయల అంగడి దాటకుండానే తల వాలిపోయింది. అది నువ్వే నేర్చుకో, మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు నీకు వేరే పని వద్దు అని నాకు అప్పజెప్పి, ఆయన ముందు గదిలో పడకకుర్చీలో నడుము వాల్చేవారు.

ఆఫీసులో పెట్టుకుంటే ఫోనూ వచ్చేపోయేవాళ్ళూ అని, టేపును అత్త తన నడిమింట్లో స్టూలు మీద పెట్టించింది. నేను కింద కూర్చుని వింటుంటే తను బియ్యం ఏరుతూనో పూలు కడుతూనో పక్కన ఉండేది. మొదట్లో పట్టించుకోలేదు. కొన్నాళ్ళకు, ఇప్పుడు వాండ్లు దేనికి నవ్వినారు అని అడిగింది. చెప్పాను. ఆ మర్నాడు నేను వచ్చేసరికే చాప వేసి, రెండు చెంబుల నీళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆమె వినే పద్ధతే వేరు. నేను మాటల కోసం వినేదాన్ని, ఆమె మనుషుల కోసం వినేది. బస్సులో గొడుగు మరిచిపోయిన ఒకామె ఆఫీసులో వివరాలు చెప్పే పాఠం ఒకటుండేది. గొడుగు నల్లనిదా నీలమా అన్నదే అందులో ప్రశ్న. అత్తకు ఆ రంగుతో నిమిత్తం లేదు. "ఏం పాపా, ఆయమ్మకు గొడుగు దొరికినాదా లేదా? ఇంట్లో ఏమంటారో పాపం. గొంతు చూడు ఎట్లా వణకతా ఉండాదో" అని రెండు రోజులు బాధపడింది. దగ్గు మందుకు వచ్చిన ముసలాయనకు మా మిరియాల కషాయం గురించి ఎవరైనా చెబితే బాగుండునని అనుకునేది. విందుకు అతిథులను పిలిచి భార్యకు ముందుగా చెప్పని భర్త ఒకడుండేవాడు. వాడి గొంతు వినగానే "వచ్చినాడు చూడు" అని మూతి తిప్పేది. వాళ్ళంతా ఎప్పుడు కలిసినా ముందు వాన గురించే మాట్లాడటం ఆమెకు ఆశ్చర్యం. ఆ దేశంలో వానకు కరువు లేదు గదా, కరువున్న మనమే అంత మాట్లాడం అనేది.

అట్లా వినీవినీ, ఆమెకు వాక్యాలు రాగంతో సహా పట్టుబడ్డాయి. అక్షరం తెలియకపోయినా పాట వచ్చినట్టు. షెడ్డులో ఆడవాళ్ళకు సాయంత్రం టీ పోస్తూ "వుడ్ యూ లైక్ సమ్ మోర్ టీ?" అని అచ్చం ఆ టేపు దొరసాని లాగా తల వంచి అడిగితే, వాళ్ళు పడీపడీ నవ్వి, గ్లాసులు చాచి, "యెస్ ప్లీజ్ అక్కా" అనేవారు. మా ఊళ్ళో అప్పట్లో కరెంటు చెప్పకుండా పోయేది. మాట మధ్యలో టేపు ఆగిపోతే, మిగతా సంభాషణ మేమిద్దరమే పూర్తిచేసేవాళ్ళం. క్యాసెట్టు చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పడంలో నాకంటే అత్తే నేర్పరి. ఆ గంట కోసం నేను పొద్దుటి నుంచీ ఎదురుచూసేదాన్ని. ఇంటి దగ్గర అందరికీ అక్కను, ఆఫీసులో టైపిస్టును. ఆ చాప మీద మాత్రం ఏదో ఒక మంచి తోడు దొరికిన పిల్లను.

పెట్టెలో సగం క్యాసెట్లు అయ్యాక ఒక పాఠం వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు తోటలో బల్ల మీద కూర్చుని కొత్తగా పరిచయం చేసుకుంటారు. ఎక్కడుంటారు, ఎన్నాళ్ళయింది అనే మాటలయ్యాక ఒకామె "హావ్ యూ ఎనీ చిల్డ్రన్?" అంటుంది. రెండో ఆమె హుషారుగా, "యెస్, టూ. ఎ గర్ల్ అండ్ ఎ బాయ్" అంటుంది. నేను అర్థం చెప్పాను. అత్త చేతిలో మల్లెలు అట్లాగే ఉండిపోయాయి.

"నిలుపు పాపా" అంది.

మీట నొక్కాను. పూలు తీసి చాప మీద పెట్టింది. ఆ తర్వాత, మామూలుగా నడుస్తూ మాట్లాడే ఆ మనిషి, కదలకుండా కూర్చుని చెప్పింది. మధురైలో హాస్టలులో చదువుకునే కొడుకు ఒక్కడే వాళ్ళ సంతానం అని మేమంతా అనుకునేవాళ్ళం. వాడికి ముందు ఒక ఆడపిల్ల ఉండేదట. తొమ్మిదేళ్ళ పిల్ల. జ్వరం మెదడుకు ఎక్కి, మధురై ఆసుపత్రికి తీసుకెళ్తే నాలుగు రోజుల్లో అయిపోయింది. తిరిగి వచ్చిన రోజు నుంచీ మొదలాళిగారు ఆ పేరు వినలేకపోయారు. ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేవారు. గౌన్లు ఎవరికో ఇచ్చేశారు, ఫొటో బీరువాలో పెట్టి తాళం వేశారు. బంధువులు కూడా తెలుసుకుని ఆ మాట మానేశారు. తెలియనివాళ్ళు పిల్లలెందరని అడిగితే ఆయన, ఒక్క కొడుకు అనేవారు, ఈమె తల వంచుకునేది.

"ఒకతూరి రైల్లో ఎవురో అడిగితే నేను గూడా ఒక్కడేనని చెప్పేసినాను పాపా. ఆ పొద్దు మెతుకు లోపలికి పోలేదు. ఆయన్ని ఏమనేది? తెలుగులో చెప్పినా, తమిళంలో చెప్పినా ఆయన లేచి పోతాడు. ఇంగ్లీషులో ఎట్లా చెప్తారు, నువ్వు చెప్పు. ఇద్దరని చెప్పాల. ఒకరు లేరని చెప్పాల. అబద్ధం కాకూడదు. విన్నోళ్ళు అయ్యో అని మీద పడి ఏడవనూ కూడదు."

అటువంటి వాక్యం ఆ పెట్టెలో ఎక్కడా లేదు. గొడుగు పోతే ఎట్లా చెప్పాలో ఉంది, రైలు తప్పిపోతే ఉంది. నాకు తెలిసిన ఇంగ్లీషంతా గాలించాను. మొదట వచ్చిన మాట డెడ్. అర్థం చెబితే, వద్దు, ఎలుక చచ్చినట్టు ఉండాది అంది. ఎక్స్‌పైర్డ్ అన్నాను, పత్రికల్లో అట్లాగే వేస్తారు గదా. అది మన అట్టపెట్టెల మీద తేదీ పక్కన కొట్టే మాట కాదా అని అడిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నో మోర్ అన్నాను. అంటే ఏమి అంది. ఇంక లేదు అన్నాను. డబ్బాలో బియ్యం అయిపోయినట్టా అని, కోపం లేకుండానే, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది.

ఆ రోజు కుదరలేదు. మర్నాడూ టేపు పెట్టకుండా దాని పక్కనే కూర్చుని వెతికాం. చివరికి అత్తే అంది, మనలో పిల్ల నిలవలేదు అంటారు గదా, దాన్నే చెప్పలేవా అని. నిలవడం. హోటలు పాఠంలో గుమాస్తా అడుగుతాడు, ఎన్నాళ్ళు ఉంటారని. ఆ స్టే అనే మాట ఆమెకు ముందే తెలుసు. ఇద్దరం కలిపి ఒక్కొక్క మాటా పేర్చాం. "టూ. ఎ గర్ల్ అండ్ ఎ బాయ్. ద గర్ల్ డిడ్ నాట్ స్టే." ఇది సరైన ఇంగ్లీషేనా అంటే ఇప్పటికీ చెప్పలేను. అత్త దాన్ని ఒకసారి మెల్లగా, ఇంకోసారి కొంచెం గట్టిగా అనుకుని, సరి అంది. ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు, పాఠం మొదలుపెట్టేముందు, పూజకు ముందు దీపం వెలిగించినట్టు, ఆ వాక్యం ఒకసారి అనేది. ఎవరితో చెప్పాలని నేర్చుకుంటోందో నేను అడగలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.

మామిళ్ళ కాలం వచ్చింది. ఒక రోజు ఫోను మోగితే నేనే తీశాను. అవతల ఆ కొనుగోలుదారే. ఆ నది అదే వేగంతో పారుతోంది గాని ఈసారి నాకు అడుగు కనిపించింది. మగ్గాలూ షెడ్డూ చూడటానికి వస్తున్నాడు, వెంట భార్య కూడా వస్తోంది, మధురై నుంచి కారులో. ఫోను పెట్టి ఈ సంగతి చెబితే మొదలాళిగారు సంతోషించి, వెంటనే దిగులుపడ్డారు. ఇంటికి వెల్ల వేశారు. షెడ్డు కడిగారు. కారం ఎంత తగ్గించాలి, ఆకులో పెట్టవచ్చా, కుక్కను ఎక్కడ కట్టాలి అని చర్చలు. ఆ వారమంతా మొదలాళిగారు వచ్చి మాతో పాటు చాప పక్కన కుర్చీ వేసుకుని పాఠాలు విన్నారు. ఆయన ఉన్నప్పుడు అత్త తోట పాఠం పెట్టనివ్వలేదు.

తీరా వాళ్ళు వచ్చాక తెలిసింది, మా టేపు మనుషులకూ వీళ్ళకూ పోలికే లేదని. వాళ్ళది ఇంగ్లీషు దేశమే కాదు, ఉత్తరాన ఏదో చలిదేశం. ఆయన ఎర్రగా, ఆజానుబాహువుగా, వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు, వకారాలన్నీ వేరే రకంగా పలుకుతున్నాడు. మొదలాళిగారు ఎంతో సాధన చేసిన "హౌ వాజ్ యువర్ జర్నీ?" అడగ్గానే, ఆయన చెవి ముందుకు చాచి "ప్లీజ్?" అన్నాడు. మళ్ళీ అడిగారు. మళ్ళీ ప్లీజ్. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. ఇన్నాళ్ళూ మేము ఎవరికి భయపడ్డామో ఆ మనిషికీ మాలాగే ఆ భాష అరువుదేనని తెలిసి నాకు గుండె తేలికపడింది.

మధ్యాహ్నం భోజనానికి నడిమింట్లోనే బల్ల వేశారు. నన్ను దుబాసీగా పక్కన కూర్చోబెట్టారు. అత్త వడ్డిస్తూ "వుడ్ యూ లైక్ సమ్ మోర్ రైస్?" అని ఆ దొరసాని రాగం తీసేసరికి, వచ్చినామె ముఖం వెలిగిపోయింది. నలభై దాటిన మనిషి, నీలం గౌను, ఎండకు కందిన ముక్కు. అన్నం అయ్యాక మా ఊళ్ళో చప్పట్ట అనే రకం మామిడిపండ్లు కోసి అత్త పళ్ళెంలో తెచ్చి ఆమె ముందు పెట్టింది. అవతలివైపు మొదలాళిగారు గాజుగుడ్డను ఎండలో వేస్తే రంగు ఎట్లా మారుతుందో చేతులతో వివరిస్తున్నారు. ఆమె అత్తను పక్కన కూర్చోమని సైగ చేసి, ఇల్లంతా ఒకసారి చూసి, నెమ్మదిగా అడిగింది.

"హావ్ యూ చిల్డ్రన్?"

నేను అర్థం చెప్పబోయాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పింది. "టూ. ఎ గర్ల్ అండ్ ఎ బాయ్." ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. "ద గర్ల్ డిడ్ నాట్ స్టే."

మొదలాళిగారి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఆయనకు వినిపించింది. అర్థం కూడా అయింది. ఆ వచ్చినామె అయ్యో అనలేదు, సారీ అని కూడా అనలేదు. అత్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, పాప పేరేమిటని అడిగింది. అత్త చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను, అది వాళ్ళది. అన్నేళ్ళ తర్వాత ఆ గోడల మధ్య ఆ పేరు పలికిన తొలిసారి అదేనని మాత్రం నాకు తెలుసు. చిన్న పేరు, ఇంట్లో పిలుచుకునే పేరు.

మొదలాళిగారు లేచారు. అత్త తల తిప్పి చూడలేదు. ఆయన వెనక పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పిన శబ్దం వినిపించింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. కొనుగోలుదారుకు ఏమి జరిగిందో సగం అర్థమై, తన ముందున్న ఆకు అంచును వేలితో సరిచేస్తున్నాడు. ఇక ఈ భోజనం, ఈ బేరం, ఈ మనిషి ముఖం రేపు పొద్దున్న ఎట్లా ఉంటాయో అనుకున్నాను.

నీళ్ళు ఆగాయి. ఆయన తిరిగి వచ్చారు. తడిచేతులు తుడుచుకోలేదు, చొక్కా ముందంతా తడి. తన కుర్చీకి వెళ్ళకుండా నేరుగా ఆ దొరసాని దగ్గరికి వచ్చి, మామిడిపండు ముక్కల పళ్ళెం ఆమె వైపు ఇంకొంచెం జరిపారు. ఆయన గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది.

"మై డాటర్ లైక్స్ దిస్ మేంగో వెరీ మచ్" అన్నారు.

లైక్స్ అన్నారు, లైక్డ్ అనలేదు. టైపిస్టును కాబట్టి తప్పు నా చెవికి తగిలింది. కానీ దిద్దడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ ఆ వాక్యంలో మార్చవలసింది ఏదీ కనబడదు. ఆమె ఒక ముక్క తీసుకుంది, తిన్నది, ఇంకో ముక్క అడిగింది. అత్త అప్పుడు తల ఎత్తి భర్తను చూసింది. ఆయన కూడా చూశారు. ఆ ఇంట్లో నేను ఎన్నో రోజులు ఉన్నాను గాని, వాళ్ళిద్దరూ అంతసేపు ఒకరినొకరు చూసుకోవడం అప్పుడే చూశాను.

సాయంత్రం వాళ్ళు సత్రపట్టి మగ్గాలు చూసి వెళ్ళిపోయారు. బేరమూ కుదిరింది, అనుకున్నదానికంటే చిన్నదే గాని నిలకడగా చాలా ఏళ్ళు సాగింది. నాకు గుర్తుండేది మాత్రం బేరం సంగతి కాదు. కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆఫీసుకు వెళ్తే నడిమింటి గోడకు కొత్తగా ఒక ఫొటో ఉంది. రెండు జడల పిల్ల, ఎండ కళ్ళల్లో పడి ముఖం చిట్లించుకుని ఉంది. దండ వేయలేదు. నేను చూస్తుండటం గమనించి మొదలాళిగారు, "పాప ఉండింటే నీ ఈడే ఉంటాది" అని, ఏమీ జరగనట్టు ఫైలు అందుకున్నారు. ఆ తర్వాత అప్పుడప్పుడు లోపల్నుంచి అత్త నవ్వు వినిపించేది. పిల్ల కుక్కపిల్లకు గౌను తొడిగిన సంగతో, సేత్తూరు తిరునాళ్ళలో తప్పిపోయి అంగడివాడి ఒళ్ళో నిద్రపోయిన సంగతో చెబుతుంటే, మధ్యలో ఆయన, "అది సేత్తూరు కాదు, మన ఊరిదే" అని దిద్దేవారు. ఈమె ఒప్పుకునేది కాదు. ఆ వాదన వినడం నాకు ఎంతో బాగుండేది.

నాకు ఒక అనుమానం మాత్రం మిగిలిపోయింది. అత్త ఆ వాక్యాన్ని రోజూ అనుకున్న మధ్యాహ్నాలన్నీ ఆయన పక్కగదిలోనే, సన్నటి గోడ అవతల, పడకకుర్చీలో ఉండేవారు. నిద్రపోయేవారో, వినేవారో! ఎన్నోసార్లు విన్న మాట కాకపోతే, ఆ గందరగోళంలో, అంత త్వరగా, ఆయనకు ఎట్లా అర్థమయింది? అడిగే చనువు నాకు లేదు. అత్తను అడిగి ఉంటే చెప్పేదేమో.

నాకు పెళ్ళయింది, ఊరు వదిలాను, మళ్ళీ వచ్చాను. వచ్చేసరికి మొదలాళిగారు లేరు. అత్త ఇంకొన్నేళ్ళు ఉండి, మాట పడిపోయిన చివరి రోజుల్లో కూడా నేను వెళ్తే కళ్ళతో పలకరించి వెళ్ళిపోయింది. కొడుకు వ్యాపారం పెద్దది చేసి బైపాసు వైపు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. పాత ఇంటి స్థలంలో ఇప్పుడు స్కాన్ సెంటరు ఉంది. ఆర్డర్లకు ఫోను కూడా అక్కర్లేదు, అన్నీ మెసేజీలేనట.

ఇప్పుడు మా ఊళ్ళో ఇంగ్లీషుకు కొదవ లేదు. వీధి చివర కూరలమ్మే ఆమె మనవడు కూడా గడగడా మాట్లాడతాడు. నా మనవరాలికి నాకు రానంత ఇంగ్లీషు వచ్చు, ఆ పరీక్ష కూడా అవలీలగా గట్టెక్కుతుంది, గట్టెక్కాలనే దేవుణ్ణి మొక్కుతున్నాను. ఒక్క వాక్యం కోసం రెండు మధ్యాహ్నాలు పోగొట్టుకున్న మా చదువుతో వాళ్ళకు పనిలేదు, ఉండనక్కర్లేదు కూడా. కానీ మధ్యాహ్నం పూట భోజనాలయి ఇల్లు సద్దుమణిగాక చూస్తాను. మాతో ఉండే చిన్నల్లుడు ముందు గదిలో, చిన్నకూతురు మంచం మీద, మనవరాలు కిటికీ దగ్గర, ఎవరి చెవులు వాళ్ళు మూసుకుని, ఎవరికి కావలసింది వాళ్ళు వింటూ ఉంటారు. ఒక్కోసారి వాళ్ళలో ఒకరు నవ్వుతారు, ఒకరు పెదవి కొరుక్కుంటారు. దేనికని ఎవరూ అడగరు. నలుగురం ఒక్క కప్పు కింద ఉంటాం, అందరమూ వింటూనే ఉంటాం. ఒకరి మాట ఇంకొకరి చెవిన పొరపాటున కూడా పడదు.